మెలకువ నుంచి నేరుగా కలలోకి: ఒక కేసు పూర్తి వివరాలు

వయసు 34. హైదరాబాద్ శివార్లలోని ఒక మందుల ఫ్యాక్టరీలో, క్వాలిటీ కంట్రోల్ ల్యాబ్‌లో, జనరల్ షిఫ్టు ఉద్యోగం. ఇంట్లో భార్య, నాలుగేళ్ల పాప, తల్లి. ఆయన అనుమతితో, మనిషిని పోల్చుకునే వివరాలు మార్చి ఈ కేసు రాస్తున్నాం.

కల నడుస్తుండగా మధ్యలో "అరె, ఇది కల కదా" అని తట్టడం ఆయనకు అప్పటికే ఒకటి రెండు సార్లు జరిగింది. ఆయన నేర్పమన్నది అది కాదు. పడక మీద మెలకువగా ఉన్న మనిషి ఎక్కడా తెలివి తప్పకుండా, అదే ఎరుకతో కలలోకి దిగాలి. లూసిడ్ డ్రీమింగ్, అంటే ఇది కల అన్న ఎరుకతో కలగనడం, సాధన చేసేవాళ్లు దీన్ని వైల్డ్ (WILD, మెలకువ నుంచే మొదలయ్యే లూసిడ్ కల) పద్ధతి అంటారు. పేరు చాలామందికి తెలుసు, పట్టుబడేది కొద్దిమందికే. పట్టుబడకపోవడానికి కారణం ఏకాగ్రత లేకపోవడం కాదని మా అనుభవం. ఎక్కువమంది వేళ కాని వేళలో ప్రయత్నిస్తారు. సరైన వేళకి ప్రయత్నించేవాళ్లు మనసును అవసరానికి మించి బిగించి పట్టుకుంటారు. ఈ కేసులో రెండూ ఉన్నాయి.

వచ్చేనాటికి పరిస్థితి

వీడియోలు చూసి రోజూ రాత్రి 11 గంటలకు వెల్లకిలా పడుకునేవారు. వేలు కూడా కదపకుండా, దురద పుట్టినా గోక్కోకుండా, మింగుడు కూడా ఆపుకుని, శ్వాసలు లెక్కపెడుతూ గంట, గంటన్నర ఉండేవారు. చేతులు తిమ్మిరెక్కేవి, నడుము పట్టేసేది, కల మాత్రం వచ్చేది కాదు. చివరికి విసిగి పక్కకి తిరిగితే రెండు నిమిషాల్లో నిద్ర పట్టేసేది. పొద్దున ఆరింటికి లేవాలి కాబట్టి రోజుకు ఐదున్నర గంటల నిద్రే మిగిలేది. మధ్యాహ్నం ల్యాబ్‌లో కునికిపాట్లు, వాటిని ఆపుకోవడానికి టీలు. ఆఖరి టీ సాయంత్రం ఏడింటికి.

ఇంతలో రెండుసార్లు తెల్లవారుజామున మెలకువ వచ్చి, కళ్లు తెరుచుకుని, ఒళ్లు కదలక, ఛాతీ మీద ఎవరో బరువుగా కూర్చున్నట్టయింది. దయ్యం గుండెల మీద కూర్చుందని తల్లి భయపడి తాయెత్తు కట్టించారు. భార్య ఈ సాధన మానేయమన్నారు. మానాలా వద్దా అని తేల్చుకోవడానికే ఆయన మొదట మమ్మల్ని కలిశారు.

రాత్రి 11 ఎందుకు పనికిరాదు

రాత్రి నిద్ర చక్రాలు చక్రాలుగా నడుస్తుంది. ఒక్కో చక్రం సుమారు 90 నిమిషాలు. మొదటి చక్రాల్లో ఎక్కువ భాగం గాఢ నిద్ర. కళ్లు చురుగ్గా కదిలే రెమ్ నిద్ర, అంటే నిండైన కలలు నడిచే నిద్ర, మొదటి చక్రంలో కొద్ది నిమిషాలే ఉంటుంది. తెల్లవారే కొద్దీ అది పెరుగుతూ పోయి, ఒక్కో విడత అరగంట వరకూ సాగుతుంది. పెద్దవాళ్ల నిద్రలో రెమ్ వాటా మొత్తం మీద 20 నుంచి 25 శాతం. అందులో సింహభాగం రాత్రి ఆఖరి మూడో వంతులోనే వస్తుంది.

రాత్రి 11కి పడుకుని ఎరుకతో కలలోకి వెళ్లాలంటే, ముందు గంటకు పైగా సాగే గాఢ నిద్రను మెలకువతో దాటాలి. మామూలు మనిషికి అది కుదరదు. బస్సు లేని వేళలో బస్టాపులో నిలబడ్డట్టే, ఎంత శ్రద్ధగా నిలబడ్డా ఫలితం ఉండదు. నాలుగున్నర, ఐదు గంటలు నిద్రపోయి లేచి, కాసేపు మెలకువగా ఉండి మళ్లీ పడుకుంటే పరిస్థితి మారుతుంది. గాఢ నిద్ర బాకీ అప్పటికి చాలావరకు తీరిపోయి ఉంటుంది. రెమ్ వైపు ఒంటికి ఒత్తిడి పెరిగి ఉంటుంది. కునుకు పట్టిన కొద్ది నిమిషాల్లోనే కల అందుతుంది, ఒక్కోసారి మగతలోంచి నేరుగా అందుతుంది. ఈ పద్ధతికి దొరికే అదను అదొక్కటే.

ఎరుకతో కలగనడం నిజమా, భ్రమా అని ఆయన భార్య అడిగారు. అడగవలసిన ప్రశ్న. 1975లో ఇంగ్లండ్‌లోని హల్ విశ్వవిద్యాలయంలో కీత్ హియర్న్ పర్యవేక్షణలో నిద్రపోయిన ఆలన్ వర్స్‌లీ, ముందుగా అనుకున్న ప్రకారం కలలోంచి కళ్లను ఎడమకీ కుడికీ తిప్పి సంకేతం ఇచ్చాడు. రెమ్ నిద్రలో ఒళ్లు కదలదు గానీ కళ్లు కదులుతాయి కాబట్టి యంత్రం మీద ఆ గీత పడింది. స్టాన్‌ఫర్డ్‌లో స్టీఫెన్ లాబర్జ్ విడిగా ఇదే నిరూపించి 1981లో ప్రచురించాడు. 2021లో అమెరికా, ఫ్రాన్స్, జర్మనీ, నెదర్లాండ్స్ ప్రయోగశాలలు కలిసి 36 మందితో చేసిన పనిలో, నిద్రలో ఉన్నవాళ్లలో కొందరు చిన్న కూడికలు, తీసివేతలకు కలలోంచే జవాబిచ్చారు. మెలకువకూ నిద్రకూ మధ్య ఉన్న ఈ గడప మన వాళ్లకీ కొత్తది కాదు. నిద్ర ఇంకా రాకముందు, బయటి విషయాలు మరుగయ్యే ఆ క్షణాన్ని మనసుతో పట్టుకోమని విజ్ఞానభైరవం అనే పాత శైవ గ్రంథంలో ఒక ధారణ, అంటే ధ్యాన పద్ధతి, ఉంది.

స్టాన్‌ఫర్డ్ ప్రయోగశాలలో నమోదైన 76 లూసిడ్ కలల్లో మెలకువ నుంచి నేరుగా మొదలైనవి సుమారు నాలుగో వంతు. మిగతావి కల మధ్యలో ఎరుక కలిగినవే. సాధనలో ఆరితేరినవాళ్ల లెక్కే ఇలా ఉంది. కొత్తవాళ్లు దీన్ని ముందే తెలుసుకుంటే ప్రతి రాత్రీ ఫలితం కోసం తమను తాము హింసించుకోరు.

మొదలుపెట్టే ముందు

గురక పెడుతూ మధ్యలో ఊపిరి ఆగుతుందా, పగలు ఉన్నట్టుండి నిద్ర ముంచుకొస్తుందా, నవ్వినప్పుడో కోపం వచ్చినప్పుడో మోకాళ్లు సడలిపోతాయా, తనకు గానీ దగ్గరి బంధువులకు గానీ బైపోలార్, స్కిజోఫ్రెనియా వంటివి ఉన్నాయా, డిప్రెషన్ మందులు వాడుతున్నారా, మద్యం అలవాటుందా అని అడిగాం. మొదటి నాలుగింటిలో దేనికి అవునన్నా ముందు డాక్టరు, తర్వాతే సాధన. డిప్రెషన్ మందులు చాలావరకు రెమ్ నిద్రను తగ్గిస్తాయి. సాధన కోసం వాటిని సొంతంగా ఆపడం చాలా ప్రమాదం. రాత్రి మద్యం కూడా మొదటి సగంలో రెమ్‌ను అణచి, రెండో సగంలో నిద్రను ముక్కలు చేస్తుంది. ఈయనకు ఇవేవీ లేవు. ఉన్నది నిద్ర బాకీ.

అందుకే మొదటి రెండు వారాలు సాధన పూర్తిగా ఆపించాం. రాత్రి పదిన్నరకు పడక, ఆరింటికి లేవడం, ఆదివారమైనా అదే వేళ. ఆఖరి టీ మధ్యాహ్నం మూడింటికి. కెఫీన్ సగం తగ్గడానికే సుమారు ఐదు గంటలు పడుతుంది. ఏడింటికి తాగిన టీలో సగం అర్ధరాత్రి కూడా ఒంట్లో ఉంటుంది. నేర్చుకోవడానికి వస్తే నిద్రపొమ్మంటారేంటి సార్ అని ఆయన నిరుత్సాహపడ్డారు. కానీ ఈ మెట్టు దాటేస్తే ఆ పైవన్నీ కూలతాయి. నిద్ర బాకీ ఉన్న మనిషి తెల్లవారుజామున మళ్లీ పడుకోగానే ఒళ్లెరగని నిద్రలోకి జారిపోతాడు. గడప దగ్గర నిలబడేంత తెలివి ఆ మనిషికి మిగలదు.

ఆ రెండు వారాలు చేయించిన పని ఒక్కటే, కలల నోట్‌బుక్. మెలకువ రాగానే కదలకూడదు, కళ్లు తెరవకూడదు. "ఇప్పటిదాకా ఎక్కడున్నాను" అని అడుక్కుని, ఆఖరి దృశ్యం నుంచి వెనక్కి నడవాలి. ఒక నిమిషం తర్వాత పెన్సిల్‌తో నాలుగు ముక్కలు రాసుకోవాలి. పక్క మార్చగానే సగం కల చెదిరిపోతుంది, ఫోను వెలుగు కంట్లో పడితే మిగతా సగం. మొదట "ఏమీ గుర్తులేదు" అని రాసిన మనిషి, రెండో వారం చివరికి రోజుకో కల వివరంగా రాయగలిగారు. మళ్లీ మళ్లీ వచ్చినవి మూడు: అంకె నిలవని ల్యాబ్ త్రాసు, ఇంటర్ నాటి హాస్టల్ వరండా, ఆపిన అంతస్తులో ఆగని లిఫ్టు. ఈ మూడూ తర్వాత ఎంతో పనికొచ్చాయి.

వేళ, చోటు, ఏర్పాటు

వారానికి రెండు రాత్రులు మాత్రమే, మర్నాడు సెలవున్న రాత్రులైతే మేలు. పదిన్నరకు పడక, మూడున్నరకు లేవడం. పాప లేస్తుంది కాబట్టి ఫోను అలారం వద్దని, చేతికి పెట్టుకునే బ్యాండు వైబ్రేషన్ వాడాం. ఆ రాత్రులు హాల్లో దివాన్ మీద పడక. గుడి మైకులో సుప్రభాతం ఐదింటికి మొదలవుతుంది, పాల ప్యాకెట్ల అబ్బాయి ఐదున్నరకు వస్తాడు. నాలుగింటికల్లా మళ్లీ పడుకుంటే గంట నిశ్శబ్దం దొరుకుతుంది. ఈ లెక్క ప్రతి ఇంటికీ వేరు. ఎవరి వీధి చప్పుళ్ల పట్టిక వాళ్లు ముందు రాసుకోవాలి.

లేచాక బాత్రూముకెళ్లి రావడం, రెండు గుక్కల నీళ్లు, జీరో వాట్ బల్బు వెలుతురులో కుర్చీలో కూర్చుని తన కలల నోట్‌బుక్ చదువుకోవడం. ఫోను తాకకూడదు. రెమ్ నిద్రలో శరీరం తన వేడిని సరిగా సర్దుకోలేదు కాబట్టి, ఫ్యాను వేగం ముందే తగ్గించి దుప్పటి దగ్గర పెట్టుకోవాలి. చలికి మెలకువ వచ్చి పాడైన ప్రయత్నాలు ఎన్నో.

ఎంతసేపు మెలకువగా ఉండాలన్నది మనిషిని బట్టి ఉంటుంది. మళ్లీ పడుకున్న ఐదు నిమిషాల్లోపే ఏమీ తెలియకుండా నిద్రపోయి పొద్దున లేస్తే, తర్వాతి ప్రయత్నంలో పది నిమిషాలు పెంచాలి. అరగంటైనా నిద్ర పట్టకపోతే పది నిమిషాలు తగ్గించాలి. ఈయన 30 నిమిషాలతో మొదలుపెట్టి, తేలిక నిద్ర మనిషి కావడంతో 15 దగ్గర స్థిరపడ్డారు. బాగా మొద్దు నిద్ర పట్టేవాళ్లకు 45 నిమిషాలు కూడా కావాల్సిరావచ్చు. అలాంటివాళ్లకు మంచం కంటే పడక కుర్చీ మేలు. తల కాస్త ఎత్తులో ఉండటంతో ఒక్కసారిగా జారిపోరు.

భంగిమ విషయంలో ఆయన పట్టుబట్టారు. వెల్లకిలా పడుకోకపోతే వైల్డ్ కాదని ఎక్కడో విన్నారు. వెల్లకిలా పడుకున్నవాళ్లకే ఒళ్లు బిగుసుకుపోయే అనుభవం ఎక్కువగా వస్తుంది, గురకా ఎక్కువే. నోట్లో నీరూరి మింగుడు పడి తెలివి వచ్చేదీ అలా పడుకున్నప్పుడే. కుడివైపు తిరిగి, మోకాళ్ల మధ్య పలచటి దిండు పెట్టుకోమన్నాం. మొదటి పది నిమిషాలు కావలసినంత కదలొచ్చు. దురద పుడితే గోక్కోవాలి. కదలకూడదన్న నిషేధమే సగం మందిని మెలకువలో బంధిస్తుంది, దురద మీద యుద్ధం చేసే మనసు నిద్రపోదు. కదలిక మానాల్సింది రంగులూ ఆకారాలూ మొదలయ్యాకే. అప్పటికి కదలాలనీ అనిపించదు.

ఆధారం పలచబడాలి

ఒళ్లు నిద్రలోకి వెళ్తుంటే తెలివిని నిలిపి ఉంచడానికి ఒక ఆధారం కావాలి. ఈయనది శ్వాసల లెక్క. ఒకటి, ఇది కల. రెండు, ఇది కల. చాలామందికి పనిచేసేదే. కానీ రోజంతా మిల్లీగ్రాములు సరిచూసే మనిషి కావడంతో లెక్క తప్పితే మళ్లీ మొదటికి వచ్చేవారు. 300 దాటినా మెలకువగానే ఉండేవారు. నిజానికి లెక్క తప్పడం మంచి గుర్తు. మనసు సడలుతోందని అర్థం. తప్పిన చోటు వదిలేసి, నోటికొచ్చిన అంకె దగ్గర కొనసాగాలి.

ఆధారాన్ని ఎంచుకోవడంలో మేం పాటించే సూత్రం ఇది: తొందరగా నిద్రలోకి జారిపోయేవాళ్లకు మందమైన ఆధారం, నిద్ర పట్టనివాళ్లకు పలచటి ఆధారం. అంకెలు, మంత్రజపం, చూపుడు వేలూ మధ్య వేలూ హార్మోనియం మెట్ల మీద ఆడించినట్టు కనీకనిపించకుండా కదపడం, ఇవి మందమైనవి. ఫ్యాను చప్పుడు వినడం, మూసిన కళ్ల ముందు చీకటిని ఊరికే చూడటం పలచటివి. ఏది ఎంచుకున్నా అది ఉన్నంత మందంగా చివరిదాకా ఉండకూడదు. ఈయనకు లెక్క ఇరవై దాకానే ఇచ్చాం. అదీ మొదట ప్రతి శ్వాసకూ, తర్వాత మూడు శ్వాసలకొకటి. ఆ తర్వాత ఫ్యాను చప్పుడు. అది కూడా దూరమైపోతుంటే పోనివ్వాలి, లాక్కోకూడదు.

ఈ దారిలో గుర్తులు చాలావరకు ఒక వరసలో వస్తాయి. మొదట చీకట్లో రంగు మచ్చలు, అలలు, చుక్కలు. తర్వాత వలల్లాంటి అల్లికలు. ఆ పైన కదలని బొమ్మలు: ఒక ముఖం, ఒక తలుపు, తెలియని వీధి. ఒక్కొక్కటీ రెండు సెకన్లుండి పోతుంది. కొత్తవాళ్లు ఇక్కడే చేజార్చుకుంటారు. బొమ్మ కనిపించగానే దాని మీదికి దూకి చూస్తారు, అది చెదిరిపోతుంది. ఓరకంట చూసినట్టు ఉండాలి. పేరు పెట్టకూడదు, పట్టుకోకూడదు.

మేం అన్నిటికంటే ఎక్కువగా నమ్మే గుర్తు బొమ్మ కాదు, మాట. మగత చిక్కబడే కొద్దీ మనసులో నడిచే వాక్యాలు తమంతట తామే దారి తప్పుతాయి. ఈయన నోట్‌బుక్‌లో ఒక రాత్రి రాసుకున్నది ఇది: "త్రాసుకి పెరుగు తోడేసి ఉంచారు, పదింటికి తూకం పడుతుంది." ఆ వాక్యం వచ్చినప్పుడు అది సహజంగానే అనిపించిందట. ఒక క్షణం తర్వాత, ఇది నేననుకున్నది కాదే అని తెలిసింది. ఆ తెలియడంలోనే కిటుకంతా ఉంది. తెలిసి ఉలిక్కిపడితే మెలకువ, తెలియకపోతే నిద్ర. తెలిసి, "ఊఁ" అని ఊరుకుంటే గడప దగ్గరికి వచ్చినట్టే. ఈ మతిలేని వాక్యాలను పట్టుకోవడం కోసం పగలు భోజనమయ్యాక పదిహేను నిమిషాలు కుర్చీలో కునుకు తీస్తూ సాధన చేయించాం. కల కోసం కాదు, ఆ వాక్యాలు వినడం కోసమే. ఈ కేసులో అన్నిటికంటే ఎక్కువ ఫలితమిచ్చిన పని అదే.

తర్వాతి దశలో ఒళ్లు జివ్వుమనడం, చెవుల్లో హోరు, మంచం ఊగినట్టు, కింద పడిపోతున్నట్టు అనిపించవచ్చు. కొందరికి ఇవేవీ రావు. వీటి కోసం కాచుక్కూర్చోవడం, వస్తే సంబరపడటం రెండూ చెరుపే. గుండె దడ పెరిగితే అంతటితో ఆ ప్రయత్నం ముగిసినట్టే.

గుండెల మీద బరువు

రెమ్ నిద్రలో, కలలో చేసే పనులు ఒంటితో చేసేయకుండా మెదడు కండరాలను సడలించి ఉంచుతుంది. ఆ సడలింపు పోకముందే తెలివి వస్తే, కల ముక్కలు గదిలోకి కలిసిపోయి, కదలలేని స్థితిలో ఎవరో ఉన్నట్టు అనిపిస్తుంది. జనంలో సుమారు వందలో ఎనిమిది మందికి జీవితంలో ఒక్కసారైనా ఇది జరుగుతుంది. నిద్ర తక్కువైనప్పుడు, వేళలు మారినప్పుడు ఎక్కువ. ఈయనకు జరిగిన రెండుసార్లూ నిద్ర బాకీ పేరుకున్న వారాల్లోనే.

ఊపిరాడదన్న భయానికి కారణం ఉంది. శ్వాసను నడిపే ముఖ్య కండరం డయాఫ్రమ్ ఆ సమయంలోనూ పనిచేస్తూనే ఉంటుంది. కానీ కావాలని గట్టిగా గాలి పీల్చబోతే ఛాతీ కండరాలు సహకరించవు, అందుకే ఎవరో నొక్కినట్టుంటుంది. పీల్చే ప్రయత్నం మాని, దానంతటదే నడిచే చిన్న శ్వాసకు వదిలేయాలి. బయటికి రావాలంటే ఒళ్లంతా లేపబోకుండా నాలుకనో కాలి బొటనవేలినో కదపాలి, కళ్లను గట్టిగా పక్కలకు తిప్పాలి. లోపలికి వెళ్లాలంటే కళ్లు మూసుకుని, తనకు బాగా తెలిసిన చోటును తలచుకోవాలి.

దీన్ని ఆయనకే కాక భార్యకూ తల్లికీ కూర్చోబెట్టి చెప్పాం. రాత్రి ఆయన మూలిగితే భుజం మీద చెయ్యి వేసి పేరు పెట్టి పిలిస్తే చాలని భార్యకు చెప్పాం. తాయెత్తు తీయమని మేం అనలేదు. ఆ పెద్దావిడకు అది ధైర్యం, ఇంట్లో ధైర్యం ఉంటే ఆయనకూ నిద్ర బాగుంటుంది.

మొదటి ప్రవేశం, ఆ తర్వాత

సాధన మళ్లీ మొదలైన మూడో వారంలో మొదటిసారి దిగారు. ఫ్యాను చప్పుడు ల్యాబ్‌లోని ఎగ్జాస్ట్ చప్పుడుగా మారింది. హాస్టల్ వరండా బొమ్మగా వచ్చి, పోకుండా నిలిచి, దానికి లోతు వచ్చింది. అంతకుముందు ప్రయత్నాల్లో ఇక్కడిదాకా వచ్చి, దృశ్యాన్ని తాకబోయి నిజం చెయ్యి కదిపేసి మేలుకున్నారు. చెయ్యి చాపాలన్న ఆజ్ఞ ఒంటికే చేరుతుంది కాబట్టి, చేతుల జోలికి వెళ్లొద్దని, అరికాళ్లను నమ్ముకోమని చెప్పి ఉన్నాం. వరండాలో చల్లటి గచ్చు మీద నడుస్తున్నట్టు, మడమ ముందు ఆని తర్వాత వేళ్లు ఆనుతున్నట్టు ఊహించుకోవాలి. ఏ అడుగులో ఊహ స్పర్శగా మారుతుందో తెలియదు. మారగానే ఒంటి మీద దుప్పటి సంగతి మరపున పడుతుంది. అదే ప్రవేశం. ఆయన నాలుగడుగులు నడిచారు, ఆనందం పట్టలేకపోయారు, మెలకువ వచ్చేసింది. మొత్తం కొద్ది సెకన్లు.

ఇక్కడి నుంచి సమస్య మారింది, లోపల నిలవడం. దిగగానే చేయాల్సినవి ముందే ఖాయం చేశాం. అరచేతులు రుద్దుకోవాలి, గోడను తాకి గరుకు చూడాలి, చూపును ఒకచోటే ఆనించకుండా నెమ్మదిగా తిప్పుతూ ఉండాలి. అప్పటికే చేతులు కలలోవి కాబట్టి వాడుకోవచ్చు. దృశ్యం మసకబారితే మళ్లీ చేతులు రుద్దుకోవడమే, కళ్లు మూయకూడదు. ఎగరడం లాంటి పెద్ద కోరికలు మొదటి నెల వద్దన్నాం. పనల్లా ఒకటే, ఎదురుగా ఉన్న బోర్డు చదివి, చూపు తిప్పి, మళ్లీ చదవడం. కలలో అక్షరాలు రెండోసారికి సాధారణంగా మారిపోతాయి. ఆ చిన్న పని ఉత్సాహాన్ని అదుపులో పెడుతుంది, ఎరుకను నిలుపుతుంది.

తర్వాత ఎదురైన చిక్కు దొంగ మెలకువ. ఒక తెల్లవారుజామున లేచారు, నోట్‌బుక్‌లో కలంతా రాశారు, సుప్రభాతం వింటూ పాల ప్యాకెట్లు తెచ్చారు, ఆ తర్వాత నిజంగా మెలకువ వచ్చింది. నోట్‌బుక్‌లో ఒక్క అక్షరం లేదు. ఈ పద్ధతిలో ఇది తరచుగా జరుగుతుంది, మంచి అవకాశం కూడా. ప్రతి మెలకువకూ పడక మీదే ముక్కు రంధ్రాలు వేళ్లతో గట్టిగా మూసి గాలి పీల్చి చూడమన్నాం. గాలి ఆడితే అది కలే, లేవకుండానే మళ్లీ లోపల ఉన్నట్టు. ఆయన నిలకడగా ఒకటి రెండు నిమిషాలు కలలో ఉండగలిగింది ముందుగా ఇలా దొరికిన కలల్లోనే.

ఈ పరీక్ష పగలు కూడా చేస్తే అలవాటు బలపడుతుంది. ఎక్కడ చేయకూడదో కూడా చెప్పాలి. ఒక రోజు ఆయన ఔటర్ రింగ్ రోడ్డు సర్వీసు దారిలో బైకు నడుపుతూ "ఇది కలేమో" అని ఒక క్షణం తేలిపోయారు. ఆ వారమంతా పగటి పరీక్షలు ఆపించాం. బండి మీద, మెట్ల మీద, పొయ్యి దగ్గర, ల్యాబ్‌లో ఆమ్లాల దగ్గర ఎప్పుడూ వద్దు. ఎత్తు నుంచి దూకి పరీక్షించడం అసలు ఆలోచనలోకే రాకూడదు. పగలు లోకమంతా తెర వెనక ఉన్నట్టు అనిపించడం రోజుల తరబడి ఉంటే సాధన ఆపి మానసిక వైద్యుడిని కలవాలి. ఈయనకు అది మళ్లీ రాలేదు.

రెండో నెల మధ్యలో ఫ్యాక్టరీలో ఆడిట్ వచ్చింది. నిద్ర ఆరు గంటలకు పడిపోయినా, పట్టు పోతుందేమోనని వారంలో నాలుగు రాత్రులు లేచారు. తలనొప్పి, ఇంట్లో చిరాకు, మూడున్నరకు అలారం లేకుండానే మెలకువ. ఈ చివరిది నిజంగా హెచ్చరిక. మధ్యరాత్రి లేచే అలవాటు ఒంటికి పట్టిందంటే నిద్రలేమికి దారి పడినట్టే. రెండు వారాలు పూర్తి విరామం ఇచ్చాం. పట్టు పోలేదు. విరామం తర్వాత మొదటి ప్రయత్నంలోనే దిగారు. విశ్రాంతి తర్వాత ఇలా జరగడం ఇతరుల్లోనూ చూశాం.

మందుల రంగంలో పనిచేస్తారు కాబట్టి గాలంటమిన్ గురించి ఆయనే అడిగారు. 2018లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో 121 మంది, తెల్లవారుజామున లేచి సాధన చేసే ఇదే పద్ధతితో పాటు, 4 లేదా 8 మిల్లీగ్రాములు వాడారు. లూసిడ్ కల వచ్చినవాళ్లు డమ్మీ మాత్రతో 14 శాతం, 4 మిల్లీగ్రాములతో 27, 8తో 42 శాతం. ఫలితం ఉన్న మాట నిజం. కానీ అది అల్జీమర్స్‌కు డాక్టరు రాసిచ్చే మందు. గుండె వేగాన్ని తగ్గించగలదు, వాంతులు తెప్పిస్తుంది, ఉబ్బసం ఉన్నవాళ్లకు ముప్పు. నేర్చుకుంటే వచ్చే పనికి దాన్ని వాడటానికి మేం ఒప్పుకోలేదు, ఆయనా పట్టుబట్టలేదు.

మూడు నెలల చివర

వారానికి రెండు ప్రయత్నాల లెక్కన, నెలలో రెండు మూడు సార్లు మెలకువ నుంచి నేరుగా దిగుతున్నారు. దొంగ మెలకువల నుంచి తిరిగి పట్టుకున్నవి, దాదాపు అంతే సంఖ్యలో, వీటికి అదనం. మిగతా రాత్రులు మామూలుగా నిద్రపోతారు. వాటిని మేం వైఫల్యం కింద రాయం. పగటి కునికిపాట్లు లేవు, టీలు రెండుకు తగ్గాయి. ఒళ్లు బిగుసుకుపోవడం ఒకసారి వచ్చింది. నాలుక కదిపి బయటికి రాబోయి, మనసు మార్చుకుని, కళ్లు మూసుకుని వరండాను తలచుకుని లోపలికి వెళ్లారు.

ఇంకా కుదరనిది దృశ్యం ఎంపిక. కోరుకున్న చోటికి వెళ్లలేకపోతున్నారు, ప్రతిసారీ హాస్టల్ వరండాయే వస్తోంది. దాన్ని మార్చే ప్రయత్నం మానిపించాం. వరండా చివర తలుపు ఒకటుంది. దాని అవతల ఏముండాలో మూడున్నరకు లేచినప్పుడు నోట్‌బుక్‌లో ఒక్క వాక్యం రాసుకుని పడుకోమన్నాం. దృశ్యాన్ని గాల్లోంచి పుట్టించడం కంటే తలుపు తీసి వెళ్లడం కలలో తేలిక.

వచ్చే నెల నుంచి ఆయనకు రొటేషన్‌లో రాత్రి షిఫ్టులు పడుతున్నాయి. ఆ వారాల్లో మూడున్నర అలారం ఉండదు, నోట్‌బుక్ మాత్రమే ఉంటుంది. జనరల్ షిఫ్టుకు తిరిగి వచ్చి, వరసగా ఐదు రాత్రులు ఏడేసి గంటలు నిద్రపోయాకే మళ్లీ లేవాలి.